వాన కబురుకు కావలి

ముప్పై ఏళ్లకు పైగా నోటికి తాళం వేసుకుని ఉద్యోగం చేసిన మనిషి, పింఛను తీసుకుంటూ కాళ్లు చాపుకుని కూర్చోవాల్సిన వయసులో, పైసా జీతం లేని చోట మళ్లీ అదే తాళం ఎందుకు వేసుకుంది? జ్ఞానమణి సంగతి తలుచుకున్నప్పుడల్లా ఈ ప్రశ్న ఎదురొచ్చి నిలబడుతుంది. ఎన్ని విధాల ఆలోచించినా దీనికి జవాబు ఇప్పటికీ దొరకలేదు.

కడప టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆమె ఆపరేటరుగా చేరేనాటికి ఇంకా ట్రంక్ కాల్ రోజులే. ఎవరింట్లో సంబంధం తప్పిపోయిందో, ఏ షావుకారు ఎవరిని బతిమాలుకుంటున్నాడో వద్దన్నా చెవిన పడేది. భర్త లేవి మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు, సరదా మనిషి. అన్నం దగ్గర కూర్చుని, "ఈ పొద్దు ఊరి కత ఏముండాది మణీ?" అని కవ్వించేవాడు. "ఊరికేం, బాగుండాది. పులుసు పోసుకో" అనేది. వాళ్ల వీధిలోనే ఉండే ప్రసన్నకుమారి ఒకసారి కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చి, తన మొగుడు ప్రొద్దుటూరికి ఎవరికి ఫోన్లు చేస్తున్నాడో చెప్పమని అడిగింది. చెప్పేదానికి లేదక్కా అంది జ్ఞానమణి. ఆ పుణ్యాత్మురాలు ఆ తరువాత చర్చిలో పక్క బల్ల మీద కూర్చుని కూడా ఏళ్ల తరబడి పలకరించలేదు. ఆ వీధిలో జ్ఞానమణికి మూగమ్మ అనే పేరు అట్లా వచ్చింది.

లేవి పోయాక, ఉద్యోగమూ అయిపోయాక, ఆమెకు తోడుగా మిగిలింది ఒక సెల్‌ఫోను. అందులోకి 'వాన కబురు' వచ్చింది.

వాన కబురు అంటే ఆన్‌లైన్‌లో మెట్ట రైతులు కలుసుకునే చోటు. కర్నూలులో కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే యామిని అనే అమ్మాయి మొదలుపెట్టింది. మొదట అందులో ఒకటే పని. ఎవరి ఊళ్లో ఎంత వాన పడిందో కొలిచి పొద్దున్నే పెట్టాలి. రానురాను విత్తనాల మంచిచెడ్డలు, గొర్రెల రోగాలు, బోరు ఎండిపోయిన ఏడుపులు, పెళ్లి ఫొటోలు, పరాచికాలు అన్నీ అందులోకే వచ్చి చేరాయి. కర్నూలు, కడప ఊళ్ల నుంచి వేలమంది చేరారు. చేరేవాళ్లు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. ఫోన్ నంబరు, పొలం వివరాలు మాత్రం నిజమైనవి ఇవ్వాలి. అవి చేర్చుకునే పని చూసేవాళ్లకు తప్ప ఇంకెవరికీ కనపడవు.

ఇంతమంది చేరిన చోట మోసాలు రాకుండా ఉంటాయా? నకిలీ విత్తనాలు అమ్మేవాళ్లు, దొంగ పేర్లతో ఆడవాళ్లకు పిచ్చి సందేశాలు పంపేవాళ్లు తయారయ్యారు. వాళ్ల పని పట్టడానికి ముగ్గురితో ఒక కావలి సంఘం పెట్టారు. యామిని ఒకరు. రాయచోటిలో మోటార్లు బాగుచేసే శివశంకర్ ఒకరు. మూడో మనిషి కోసం వెతుకుతుంటే, కడప నుంచి రోజూ తన మిద్దె మీద పడిన వాన లెక్క పెట్టే పెద్దావిడ ఎక్స్ఛేంజీలో పనిచేసిందట, కడుపులో మాట కడుపులోనే పెట్టుకుంటుందట అని ఎవరో చెప్పారు.

సంఘానికి నియమాలు రెండే. ఫిర్యాదు చేసినవాళ్లెవరో బయటికి పొక్కకూడదు. తీసుకున్న నిర్ణయం, దానికి కారణం అందరికీ తెలిసేటట్టు పెట్టాలి.

"ఒక కాడికి ఎద్దును, దున్నపోతును కట్టినట్టుండాది గదక్కా ఇది" అన్నాడు శివశంకర్ మొదటిరోజే. "అది నీడకు గుంజుతాది, ఇది నీళ్లకు గుంజుతాది."

"గుంజనీలే శివా. దాచిపెట్టేది వేరు, అబద్ధం చెప్పేది వేరు. మనం దాస్తాము, అబద్ధం మాత్రం చెప్పము. అంతే" అంది జ్ఞానమణి. అంత సులువుగా అనేసింది.

రెండేళ్లు బండి బాగానే నడిచింది. ఆ తరువాత ఒక సాయంత్రం ఉరుకుందమ్మ ఫోన్ చేసింది.

"అమ్మా, పేరు బయట పెట్టరంట గదా మీరు?"

"పెట్టము తల్లీ. చెప్పు."

"నాది కోసిగి పక్క పల్లె. మా ఆయన బెంగళూరులో గార పనికి పోయినాడు. మా అమ్మ నాకిచ్చిన చేను నాలుగెకరాలుండాది. మా మరిది సోలారోళ్లకు కౌలుకియ్యమంటాడు. ఊరంతా ఇస్తాండారు, మన చేను నడిమధ్యలో ఉండాది, నువ్వియ్యకుంటే వాళ్లు యాడివాళ్లాడ్నే పోతారంటాడు. నాకిష్టం లేదు. కొర్ర ఏసుకున్నా. ఐనా సంగతి అది కాదమ్మా. నిన్న సోలారు దళారి ఫోన్ చేసినాడు. 'మద్దమ్మగారా' అన్న్యాడు."

"మద్దమ్మెవరు?"

"మా అమ్మ. సచ్చిపోయి శానా ఏండ్లాయ. ఇంట్లో తెలీకూడదని మీ వాన కబురులో ఆ పేరుతో చేరినా. ఆ పేరుతో నన్ను పిలిచేటోళ్లు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. దుడ్లు ఎంత కావల్నో చెప్పు మద్దమ్మా అంటాడు వాడు. నా నంబరు వానికెట్లా పాయ?"

జ్ఞానమణికి అర్థమైంది. సభ్యులను చేర్చుకునే పని చూసేది భూపేష్. రాజంపేట వైపు అరటితోటలున్న కుటుంబం. డ్రిప్పు పైపుల అంగడి కూడా ఉంది. పొద్దున్నే వాన కబురులో అతని గొంతు వినకపోతే సగంమందికి తెల్లారదు. "ఏమప్పా, లేచినారా? మబ్బు సూసి మోసపోవద్దండి, ఇది మన అల్లుడు మాదిరి, వస్తా వస్తా అంటాది గానీ రాదు" అని మొదలుపెట్టేవాడు. జ్ఞానమణి కూడా ఆ గొంతు విని నవ్వుకున్న రోజులున్నాయి.

"నా పేరు తెలిస్తే మా మరిది గమ్మునుండడమ్మా. ఊరు గూడా ఊరుకోదు. సోలారోళ్లు ఎనక్కి పోతే నన్ను బతకనియ్యరు" అంది ఉరుకుందమ్మ.

"నీ పేరు నాతోనే ఉంటాది" అని మాటిచ్చింది జ్ఞానమణి. మిగతా ఇద్దరికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

భూపేష్‌ను అడిగితే అతను దాచలేదు కూడా. "దీంట్లో తప్పేముండాదబ్బా మణక్కా? ఎండిపోయిన బీళ్లకు కౌలొస్తాదని నంబర్లిచ్చినా. ఎవురి దగ్గరా టీ గూడా తాగలా. రైతుకు మంచి జరిగితే మీకేం కడుపునొప్పి?"

"వాళ్లు నిన్ను నమ్మి ఇచ్చినారు గదప్పా నంబర్లు. వాళ్లనడిగి ఇచ్చినావా?"

"అడిగితే సగంమంది భయపడి వద్దంటారు. మన జనం సంగతి నీకు తెల్దు. నువ్వు టౌను మనిషివి."

అతన్ని సభ్యత్వం నుంచి తీసేశారు. సభ్యుల వివరాల విషయంలో నియమం తప్పినందుకు అని ఒక్క వాక్యం పెట్టారు. ఇంకొక్క ముక్క చెబితే, ఎట్లా తెలిసింది, ఎవరు చెప్పారు అని ఆరా మొదలవుతుందని జ్ఞానమణి భయం.

వాన కబురు భగ్గుమంది. భూపేష్ అందరికీ విడివిడిగా ఫోన్లు చేసి, కారణం చెప్పకుండా గెంటేశారని మొరపెట్టుకున్నాడు. పొద్దున లేస్తే తిట్లే. "రేడియోవాళ్లన్నా వార్తలు చదువుతారు, మన కావలి సంఘం అదీ చేయదు" అని ఒకరు. "మణమ్మ నోట్లో అటుకులు పోసుకోనుండాదేమో, నమిలేదాకా ఆగండప్పా" అని ఇంకొకరు. అది చదివి ఆమెకు నవ్వొచ్చింది. నవ్వాక అలసట వచ్చింది. ఎక్స్ఛేంజీలో ఇట్లా ఉండేది కాదు. షిఫ్టు అయిపోతే చెవుల్లోంచి అన్నీ తీసి అక్కడే తగిలించి వచ్చేది. ఇక్కడ షిఫ్టు లేదు. అన్నం తింటున్నా, మందు వేసుకుంటున్నా చేతిలోని ఫోను మోగుతూనే ఉంటుంది.

ఆ తిట్లలో ఒకటి మాత్రం ఆమెను కదిలించింది. పుల్లయ్య అనే ముసలాయన పెట్టాడది. "నాకెవడో రోజూ ఫోన్ చేసి నీ చేను ఇస్తావా సస్తావా అంటాండాడు. నా నంబరు వానికి ఎట్లా పోయిందో మీకు తెలిస్తే చెప్పండి తల్లీ. తెలిసీ చెప్పకుంటే మాత్రం పాపం."

ఆమె యామినికి, శివశంకర్‌కు ఫోన్ కలిపింది. "ఎవరు చెప్పినారనేది మాత్రమే మనం దాచాల్సింది. భూపేష్ ఏం చేసినాడో చెప్పాల. వీళ్ల నంబర్లు బయటికి పోయినాయి. అది వీళ్లకే చెప్పకుండా కూర్చుంటే మనమూ భూపేషూ ఒకటే."

"రుజువు అడుగుతారు ఆంటీ" అంది యామిని.

"పేరు, ఊరు లేకుండా రాస్తా."

రెండు రోజులు కూర్చుని రాసింది. భూపేష్ నంబర్లు దళారులకిచ్చాడనీ, అందరూ జాగ్రత్తగా ఉండాలనీ రాసింది. రుజువు దగ్గర ఇట్లా రాసింది: 'కర్నూలు పడమటి వైపు, పత్తి చేల మధ్య కొర్ర వేసుకున్న ఒక సభ్యురాలికి, ఆమె ఇక్కడ తప్ప ఇంకెక్కడా వాడని పేరుతో దళారి ఫోన్ చేశాడు.' పేరు లేదు. ఊరు లేదు. నంబరు లేదు. పడమటి వైపు అంతటా ఎంతమంది ఆడవాళ్లు ఉంటారు! ఎక్స్ఛేంజీ లెక్కలో చూస్తే చీమ కూడా దూరే సందు లేదు. యామిని చదివి బాగుందంది. శివశంకర్ ఎవరిదో మోటారు విప్పుతూ, నూనె చేతులతోనే పైపైన చూసి పెట్టెయ్యక్కా అన్నాడు.

తప్పు అక్కడ జరిగింది. మనిషిని పేరుతో, నంబరుతో గుర్తుపట్టడం పట్నం అలవాటు. చేల మీద బతికేవాళ్లు మనిషిని పంటతో గుర్తుపడతారు. చుట్టూ కనుచూపు మేర నల్లరేగడిలో తెల్లగా పత్తి విచ్చుకుని ఉంటే, నడుమ వెన్నులు వంచి నిలబడిన కొర్ర చేను ఎవరిదో దారిన పోయే గొర్రెలకాపరికి కూడా తెలుసు. మధ్యాహ్నానికి శివశంకర్ గుండెలు బాదుకుంటూ ఫోన్ చేశాడు.

"అక్కా, సచ్చినామక్కా! కొర్ర అని రాసినావు! ఆ పక్కన అంతా పత్తే గదా. నేనన్నా సరిగ్గా చూడకపోతి, పాడు మోటారు..."

"పంట పేరే గద శివా రాసింది?"

"పంట కాదక్కా, మొగం. ఆమె మొగం పెట్టినావు ఆడ."

జ్ఞానమణి ఆ మాట తీసేసేసరికి చదవాల్సినవాళ్లు చదివేశారు. పుల్లయ్య మాత్రం, చెప్పినందుకు మీ కడుపు చల్లగుండ అని పెట్టాడు. కొందరు భూపేష్‌ను తిట్టారు. కొందరు ఇదంతా కట్టుకథ అన్నారు. ఈ రచ్చంతా ఎట్లా చేరిందో సోలారు కంపెనీవాళ్లకు చేరి, ఆ పల్లె మాకొద్దని వాళ్లు వెనక్కి తగ్గారు.

ఉరుకుందమ్మ నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడింది. వెనక ఎక్కడో గేదె అరుస్తోంది.

"ఊర్లో అందరూ మా మరిదిని అడుగుతాండారమ్మా, మీ వదినేనంట గదా అని. నేను కాదు, కొర్ర ఇంకా శానామంది ఏసినారు అని బొంకినా. వాడు నమ్మలా. వచ్చే ఆదివారం కర్నూల్లో మీ మీటింగుండాదంట. ఆడికే వచ్చి నిలబెట్టి అడుగుతాడంట. నిజమని తేలితే ఇంటికొచ్చి మాట్లాడ్తా అన్న్యాడు." ఫోను పెట్టేయబోయి మళ్లీ అంది. "పేరు రాయలేదులేమ్మా మీరు. మీ తప్పు కాదు."

ఆ చివరి మాట తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. ఆ తరువాత ఎన్నిసార్లు చేసినా ఆ ఫోను పలకలేదు. ఆమే ఆపేసిందో, ఎవరైనా లాక్కున్నారో ఎట్లా తెలుస్తుంది?

ఆదివారం పొద్దున్నే కడపలో బస్సెక్కి, మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల దాటి కర్నూలు చేరేసరికి ఆమె మోకాళ్లు పట్టేశాయి. వాన కబురు సభ్యులంతా కలిసే మీటింగు ఒక కల్యాణమండపంలో. తలుపు దగ్గర విత్తన సంచులు, వాన కొలిచే గొట్టాలు అమ్ముతున్నారు. వెనక వంటల వాసన. భూపేష్ అప్పటికే వచ్చి, ఆడపెళ్లివారి పెద్దలా అందరినీ పలకరిస్తున్నాడు. సంఘం ముగ్గురినీ వేదిక మీద కూర్చోబెట్టారు.

భూపేష్‌ను తీసేసిన సంగతి మొదట ఎత్తుకుని, మైకు అతనికే ఇచ్చారు. "నంబర్లిచ్చినా. కాదనను. రైతుకు మేలవుతాదని ఇచ్చినా. అది తప్పయితే కాళ్లు పట్టుకుంటా. కానీ నా మీద చెప్పినామె ఎవరో, ఆమెకు నేనేం అన్యాయం చేసినానో నాకు చెప్పే పని లేదా? దొంగను గూడా ఎదురుగా నిలబెట్టి అడుగుతారు గదప్పా!"

చప్పట్లు కొట్టారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదని జ్ఞానమణికి కూడా అనిపించింది. అదే ఆమెకు పెద్ద కష్టం. ఎదుటివాళ్ల మాటలో ఉన్న న్యాయం ఆమెకు ఎప్పుడూ కనబడుతుంది.

అప్పుడు వెనక వరసలోంచి ఒక నడివయసు మనిషి లేచాడు. భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

"నేను మీ గుంపులో లేను. మాది కోసిగి పక్క పల్లె. మా ఊరికి రావాల్సిన సోలారు మీ రాతల వల్ల పాయ. ఒకటే మాట అడిగి పోతా. ఈడ చెప్పినామె ఎవరని నేనడగను. మీరు చెప్పరంట. కొర్ర ఏసినామె అని రాసినారు గదా. మా పక్క ఈ ఏడు కొర్ర ఏసింది ఒక్క మా వదినే. ఆమేనా, కాదా? అది చెప్పండి సాలు."

అందరూ వేదిక వైపు తిరిగారు.

యామిని మైకు తీసుకుని, "మేం ఎవరి గురించీ..." అని మొదలుపెట్టింది. ఆ మనిషి తలూపాడు. అతనికి కావాల్సింది దొరికిపోతోంది. కాదనలేకపోతున్నారంటే అవుననే కదా. అతని ముఖంలో ఆ తీర్పు మెల్లగా కుదురుకుంటూ ఉండటం జ్ఞానమణికి కనబడింది. ఆమె చెయ్యి చాచి యామిని దగ్గర మైకు తీసుకుంది.

"కాదప్పా. ఆమె కాదు" అంది.

"మరి కొర్ర అని రాసినారే?"

"అది మేం మార్చి రాసింది. ఎవరూ గుర్తుపట్టకూడదని ఊరు దిక్కు మార్చినాము, పంట మార్చినాము. చెప్పినామెది కర్నూలు పక్క కాదు, కొర్రా కాదు. మీ వదినకు దీంతో ఏ సంబంధమూ లేదు. రాసింది నేనే. మీ ఇంట్లో గొడవ పెట్టినందుకు నన్ను మన్నించు."

శివశంకర్ ఆమె వైపు గబుక్కున తిరిగాడు. "అక్కా, ఏందక్కా నువ్వనేది?" అన్నాడు పెదవులు కదపకుండా.

"గమ్మునుండు శివా."

యామిని తల దించుకుంది. వాళ్లిద్దరూ ఇప్పుడు నోరు విప్పడానికి లేదు. నిజం చెబితే ఉరుకుందమ్మ పేరు చెప్పినట్టే.

ఆ మనిషి తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "పొద్దున్నుంచి ఇంట్లో అన్నం గూడా తినకుండా వస్తి" అని పక్కనున్న వాళ్లతో గొణుక్కుంటూ కూర్చున్నాడు. అతని భుజాలు కిందికి దిగాయి. దాన్ని ఆమె చూసింది. అంతవరకు చాలు అనుకుంది.

తక్కినదంతా ఎట్లా జరగాలో అట్లాగే జరిగింది. భూపేష్ లేచి రెండు చేతులూ ఎత్తాడు. "విన్నారా అందరూ? మార్చి రాసినారంట! పంట మార్చినోళ్లు ఇంకేమేం మార్చినారో! నామీద రాసిందాంట్లో నిజమెంత, కల్పితమెంత?"

"మమ్మల్ని నమ్మమని, మీరే అబద్ధం రాస్తారా?" అని ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె అరిచింది. పుల్లయ్య ఎక్కడున్నాడో ఆమె వెతికింది. మూడో వరసలో కర్ర పట్టుకున్న ఒక ముసలాయన ఆమె వైపే చూస్తున్నాడు, మోసపోయినవాడి చూపు. ఆయనే పుల్లయ్యేమో. అడిగే ధైర్యం లేకపోయింది. ఆయన నంబరు బయటికి పోయింది నిజం. దాన్ని రాసింది నిజం. ఆ నిజాన్ని ఇప్పుడు తన నోటితోనే చెల్లని కాసు చేసింది. ఒక్క మనిషిని కాపాడుకోవడానికి అందరికీ ఇచ్చిన మాట తప్పింది. ఇది సరైన పనేనా? ఆలోచించే ఓపిక ఆమెకు లేదు. నడుము నొప్పి, దాహం, ఇంటికి పోవాలన్న కోరిక, అంతే మిగిలాయి.

చేతులెత్తమన్నారు. భూపేష్‌ను మళ్లీ చేర్చుకోవాలని ఎక్కువ చేతులు లేచాయి. నంబర్లు చూసే పని మాత్రం అతనికి ఇవ్వకూడదని శివశంకర్ పట్టుబట్టి ఒప్పించాడు. అంతవరకైనా దక్కింది. కావలి సంఘం సంగతి భోజనాల తరువాత మాట్లాడుకుందామన్నారు.

ఆకులు వేశారు. చిత్రాన్నం, వడలు, పాయసం. భూపేష్ పెద్దమనసు చేసుకుని వేదిక దగ్గరికి వచ్చాడు.

"మణక్కా, మనసులో పెట్టుకోవాకు. నువ్వు పెద్దదానివి, నాలుగు మాటలన్న్యా. రా, నా పక్కన కూర్చో, ముద్ద తిందాం."

"చెయ్యి కడుక్కోనొస్తా పదప్పా" అంది.

కొళాయిల దగ్గర శివశంకర్ కనబడ్డాడు. ఏదో అడగబోయి, చుట్టూ జనం ఉన్నారని ఆగిపోయాడు. ఆమె చేతులు కడుక్కుంది, ముఖం కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది. అతను నీళ్లు తాగడానికి వంగిన క్షణంలో, వంటపాత్రలు తోముతున్న వాళ్ల మధ్యలోంచి, తడి నేల మీద జారకుండా గోడ పట్టుకుని, వెనక గేటు దాటి రోడ్డెక్కింది. నంద్యాల వైపు పోయే బస్సు ఒకటి మనుషుల కోసం నెమ్మదిగా కదులుతోంది. చెయ్యెత్తి ఆపి ఎక్కింది.